జ్వరంలో ఫెర్రిటిన్ పెరిగితే ఐరన్ ఎక్కువైనట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. న్యుమోనియా తగ్గుముఖం పట్టాక రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9, ఫెర్రిటిన్ 480 వచ్చాయి. రక్తం తక్కువ, ఐరన్ నిల్వ ఎక్కువ అంటున్నారు. రెండూ ఒకేసారి ఎలాగండీ? ఇంట్లో ఉన్న ఐరన్ మాత్రలు వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డాక్టరుగారు చెప్పకుండా మాత్రలు మొదలుపెట్టకండి. మీ టెన్షన్ అర్థమైంది, కానీ ఈ రెండు అంకెలకూ పొంతన ఉంది. ఫెర్రిటిన్ అంటే కణాల్లో ఐరన్‌ని దాచే ప్రొటీన్. 24 ముక్కలు కలిసి బోలు గుల్లలా ఏర్పడుతుంది, ఒక్కో గుల్లలో దాదాపు 4,500 ఐరన్ పరమాణువులు పడతాయి.

బ్యాక్టీరియా పెరగాలన్నా ఐరన్ కావాలి కదా, అందుకే ఇన్ఫెక్షన్ రాగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా వదులుతుంది, అది పేగుల నుంచీ, ఐరన్ నిల్వ ఉన్న మాక్రోఫేజ్ కణాల నుంచీ ఐరన్ రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది. క్రిములకు ఐరన్ అందదు, నిజమే, కానీ రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జకూ సరిగా అందదు, అందుకే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో లోలోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు ఫెర్రిటిన్ తయారీ కూడా పెరుగుతుంది, కాబట్టి 480 చూసి ఒంట్లో ఐరన్ పోగుపడిందని అనుకోనక్కర్లేదు.

నాకు ఆందోళన కలిగించేది ఇంకొకటి: జ్వరం అసలైన ఐరన్ లోపాన్ని కప్పేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఫెర్రిటిన్ 15 లోపు ఉంటే ఐరన్ లోపం, ఇన్ఫెక్షన్ ఉంటే ఆ హద్దు 70. సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే రక్తపరీక్ష), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంతమేర నిండిందో చెప్పే పరీక్ష) కూడా చేయించమని అడగండి, పూర్తిగా కోలుకున్నాక కొన్ని వారాలకు ఫెర్రిటిన్ మళ్లీ చూపించండి. ఈలోగా జ్వరం తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.