కీళ్లవాతంతో బాధపడుతూ ఆటిజం ఉన్న బాబును చూసుకోవడం ఎలా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, ఏడేళ్ల బాబుకు ఆటిజం, పొద్దున వాడిని స్కూలుకు రెడీ చేయలేకపోతున్నానని అడిగారు.

ఈ జబ్బులో కీళ్లు పొద్దున పూటే బిగుసుకుపోతాయి, చాలామందికి గంట దాటినా వదలవు. స్కూలు హడావిడి సరిగ్గా అప్పుడే. కాబట్టి పనిని రాత్రికి జరపండి. స్నానం రాత్రే చేయించండి, బ్యాగూ బట్టలూ సర్దేయండి. చొక్కా గుండీలు మీ వేళ్లకూ కష్టమే, వాడి వేళ్లకూ కష్టమే. పైకి గుండీలు కనిపించేలా ఉంచి లోపల వెల్‌క్రో వేయమంటే వీధి చివరి టైలరే వేసిస్తాడు.

బ్రష్, బట్టలు, బూట్లు వరుసగా బొమ్మలు గీసి గోడకు అంటించండి. మీరు కుర్చీలోంచి లేవకుండా వేలు చూపిస్తే చాలు. మొదట్లో ఆ కాగితం చింపేస్తాడు, టెన్షన్ పడకుండా మళ్లీ అంటించండి.

నొప్పి ఎక్కువైన రోజు ప్రతిసారీ ఒకే మాట చెప్పండి: "అమ్మ చేతులకు నొప్పి, పక్కన కూర్చుందాం." దాచితే వాడికే అయోమయం.

ఖర్చుల విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఆటిజానికి వర్తిస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. థెరపీకీ కొంత ఇస్తారు. వైకల్య సర్టిఫికెట్ కావాలి, ముందు ఆ పని మీ ఇంటాయనకు అప్పజెప్పండి.