అమ్మ పోతే కూతురి ఏడుపుకి మూడు రోజులేనా లెక్క?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు, హైదరాబాద్‌లో జాబ్, ఇద్దరు పిల్లలు. 5 నెలల క్రితం భీమవరంలో మా అమ్మ గుండెపోటుతో చనిపోయింది, నాన్న ముందే లేరు. ముందు రోజు రాత్రి ఫోన్‌లో గ్యాస్ పట్టేసినట్టుంది, వీపు లాగేస్తోంది అంటే టాబ్లెట్ వేసుకుని పడుకో అన్నాను. నేనే చంపుకున్నానా అనిపిస్తోంది. పెద్దకర్మ అయిన మర్నాడే వచ్చేసి ఆఫీసుకెళ్ళాను. పెళ్ళైన ఆడపిల్లకి మైల మూడు రోజులే, ఇంకా ఎన్నాళ్ళు ఏడుస్తావ్ అంటున్నారు అత్తగారు. అన్నయ్య ఇల్లు ఖాళీ చేసి అద్దెకిస్తానంటున్నాడు. ఒక్కోసారి అమ్మ దగ్గరికే వెళ్ళిపోవాలనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాట. అమ్మని ఒక్కసారి చూడాలనిపించి అలా రాశారా, లేక చచ్చిపోవాలనే అనిపిస్తోందా? రెండోదైతే మిగతాది తర్వాత చదవచ్చు, ఇప్పుడే మీ ఆయనకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వం వాళ్ళది, డబ్బులేం కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడకండి, కానీ దాన్ని ఒంటరిగా మోయకండి.

ఇక ఆ రాత్రి ఫోన్ సంగతి. మర్చిపోండి అని నేననను, అంటే మాత్రం మర్చిపోతారా. గుండెపోటు అంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమే అని అందరం అనుకుంటాం గానీ ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో చాలాసార్లు అలా రాదు, వీపు నొప్పి, దవడ లాగడం, ఆయాసం, వికారం, గ్యాస్ పట్టినట్టు ఉండటం ఇలా వస్తుంది, ఈసీజీ తియ్యకుండా డాక్టర్ కూడా ఫోన్లో విని ఇదీ అని చెప్పలేడు. మీకు ఆ రాత్రి తెలిసింది అమ్మ చెప్పిన రెండు ముక్కలే, తెల్లారి తెలిసినదాన్ని తీసుకెళ్ళి రాత్రి మాట్లాడిన కూతురికి శిక్ష వేస్తున్నారు మీరు. ఒక పని చెయ్యండి, ఆ కాల్ మొత్తం, తిన్నావా అన్న దగ్గర్నుంచి పెట్టేసే దాకా గుర్తున్నంతవరకు కాగితం మీద రాయండి, ఎందుకంటే ఇప్పుడు మీ బుర్రలో తిరుగుతున్నది టాబ్లెట్ మాట ఒక్కటే, మిగతా కాల్‌లో మీరు ఆవిడతో ఎలా మాట్లాడారో అది కూడా మీ కళ్ళబడాలి. ఈ లక్షణాలు మీ అత్తగారికీ పిన్నులకీ కూడా చెప్పండి, ఎవరికైనా అలా ఉంటే 108కి చెయ్యమనండి.

మైల మూడు రోజులు అన్నది గోత్రం మారిందని పెట్టిన లెక్క, దీపం ఎప్పుడు పెట్టుకోవచ్చు, గుడికి ఎప్పుడు వెళ్ళొచ్చు అనే దానికి. అమ్మ మీద బెంగ ఎన్నాళ్ళకి తీరాలో ఏ పంతులుగారూ చెప్పలేదు. పైగా మీ అన్నయ్యకి ఆ పది రోజులూ చెయ్యడానికి కర్మ ఉంది, చుట్టూ నలుగురూ ఉన్నారు, ఇప్పటికీ మాసికాలు పెడుతుంటే నెలనెలా అమ్మని తలుచుకునే రోజు ఒకటుంది, కూతురికి అవేవీ లేవు, ట్రైనెక్కి వచ్చి సోమవారం లాగిన్ అవ్వడమే. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ప్రొఫెసర్ 1989లోనే దీని గురించి రాశారు, నీకు ఇంత ఏడ్చే హక్కు లేదు అన్నట్టు చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తే ఆ దుఃఖం ఇంకా కష్టమవుతుంది అని. మన ఇళ్ళల్లో ఆడపిల్లల విషయంలో ఇదే జరుగుతోంది, నాకు నిజంగా బాధేస్తుంది.

అందుకని మీరే ఒక రోజు పెట్టుకోండి. నెలకోసారి అమ్మ తిథి నాడు ఆవిడకి ఇష్టమైన కూర చేసి పిల్లలతో కూర్చుని అమ్మమ్మ కబుర్లు చెప్పుకోండి. కళ్ళనీళ్ళు వస్తే పిల్లల దగ్గర దాచొద్దు, అమ్మమ్మ గుర్తొచ్చింది అనండి చాలు. మీ ఆయనకి కూడా ఓదార్చడం చేతకాక మాట్లాడకుండా ఉంటున్నారేమో, సలహా ఏం వద్దు, ఓ పావుగంట పక్కన కూర్చో అని నోరు తెరిచి అడగండి. మధ్యలో ఆఫీసులో ఏ జోక్‌కో నవ్వొస్తే నవ్వండి, అమ్మని మర్చిపోయినట్టు కాదది.

ఇల్లు అద్దెకివ్వడం తప్పు కాదు, ఆ ఖాళీ ఇల్లు చూడలేకే అంటున్నాడేమో, అతనికీ అమ్మే కదా. కాకపోతే బీరువా, వంటిల్లు మాత్రం నేను వచ్చాకే తీద్దాం అన్నయ్యా అని ఇవాళే ఫోన్ చెయ్యండి. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళి ఇద్దరూ కలిసి సర్దండి. ఆవిడ కట్టుకున్న చీరలు రెండు, పాల లెక్క రాసుకున్న పుస్తకం లాంటిదేదైనా ఉంటే తెచ్చుకోండి. ఫోన్లో వాయిస్ మెసేజ్‌లుంటే ఇంకో చోట కాపీ పెట్టుకోండి, ఫోన్ పాడై అవి పోతే మళ్ళీ తట్టుకోలేరు. వాటాల సంగతికి తొందరేం లేదు గానీ ఈ ఏడుపులో ఎవరు అడిగినా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అమ్మ పోతే పుట్టిల్లు పోయినట్టే అంటారు, సంక్రాంతికి ఎక్కడికి వెళ్ళాలి అన్న బెంగ మీకు ముందే మొదలవుతుంది, అది కూడా ఆ రెండు రోజుల్లోనే అన్నా వదినలతో మాట్లాడి తేల్చుకోండి.

5 నెలలకి ఇంకా ఏడుస్తుంటే అది జబ్బు కాదు. ఏడాది దాటాక కూడా దాదాపు రోజూ ఇదే తీవ్రత ఉండి ఇల్లూ ఉద్యోగమూ నడవకపోతే దానికి వేరే చికిత్స ఉంది, సైకియాట్రిస్ట్‌ని గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ని గానీ కలవాలి. తిండి, నిద్ర పూర్తిగా పోయినా, మీ చివరి లైన్‌లో ఉన్న ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తున్నా ఏడాది దాకా ఆగొద్దు, ఈ వారమే వెళ్ళండి, మీ ఆయన్ని తోడు తీసుకెళ్ళండి.