గాలిమర పెడితే చెరువు బాగుపడుతుందా?

ప్రశ్న: సార్, మా ఊరి చెరువును మూడేళ్లకు లీజుకు తీసుకున్నాం. 12 ఎకరాలు. కట్ట దగ్గర 14 అడుగుల లోతు, పైకి పోయే కొద్దీ నాలుగైదు అడుగులే. హంద్రీ-నీవా కాలువ నీళ్లతో నిండింది. బొచ్చె, శీలావతి కలిపి 30 వేల పిల్లలు వదిలాం. ఇప్పుడు ఒక్కొక్కటి ముప్పావు కిలో పైనే ఉంది. నెలకు రెండు ట్రాక్టర్ల కోళ్ల ఎరువు, రోజూ తవుడు, చెక్క వేస్తున్నాం. నెల రోజులుగా నీళ్లు చిక్కటి పచ్చరంగుకు తిరిగి వాసన వస్తోంది. పోయిన వారం రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు తెల్లారేసరికి రెండు వందల దాకా పెద్ద బొచ్చెలు నోళ్లు తెరుచుకుని చచ్చి తేలాయి. చెరువులో ఉన్న కొర్రమీనులకు మాత్రం ఏమీ కాలేదు. ఊరి మురుగు కాలువ చెరువులోకే వస్తుంది, అందులో ఎవరో పురుగుమందు డబ్బాలు కడిగారని మా అనుమానం. మందుల షాపాయన 10 కిలోల ఆక్సిజన్ బిళ్లలు ఇస్తే వేశాం. నాచు పోవడానికి మైలుతుత్తం కూడా ఇచ్చాడు, అది ఇంకా వేయలేదు. ఇంకొకాయన గాలిమరతో నడిచే ఏరియేటర్ (నీళ్లకు గాలి పట్టించే యంత్రం) పెట్టుకోమంటున్నాడు. కరెంటు ఖర్చు ఉండదు, అడుగు నీళ్లు కూడా శుభ్రమవుతాయి అంటున్నాడు. చెరువు దగ్గర కరెంటు లైను లేదు. మా వైపు గాలికి కొదవ లేదు, చుట్టూ గుట్టల మీద విండ్‌మిల్లులే. పెట్టమంటారా?
– ఒక రైతు, ఉరవకొండ ప్రాంతం, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ మైలుతుత్తం సంచి మూతి కట్టి ఇంట్లో పెట్టండి. చెరువులో పడితే రెండు వందలతో పోయింది రెండు వేలవుతుంది. ఇంత చిక్కటి పచ్చనీళ్లలో నాచును ఒక్కసారి చంపితే అదంతా అడుగుకు దిగి కుళ్లుతుంది. ఆ కుళ్లడానికి కావాల్సిన ప్రాణవాయువును మీ చేపల నోటి దగ్గరి నుంచే లాక్కుంటుంది. షాపాయన ఈ మాట చెప్పి ఉండడు.

ఇక పురుగుమందు అనుమానం. అది కాదు. పురుగుమందు కలిస్తే ముందు నీటి పురుగులు, తర్వాత చిన్న చేపలు చస్తాయి. కొర్రమీనులను కూడా వదలదు, పైగా ఫలానా వేళకే చంపాలన్న నియమం దానికి లేదు. మీకు చచ్చినవి పెద్ద బొచ్చెలు. అదీ తెల్లవారుజామున, ముసురు పట్టిన మరుసటి రోజు, నోళ్లు తెరుచుకుని. కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి బతికింది. ఇది ఆక్సిజన్ కరువు. కేసు పెట్టాలంటే కోళ్ల ఎరువు మీద పెట్టాలి.

పగలు ఎండకు నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, దాంతోపాటు అడుగు బురద, ఆ ఆక్సిజన్‌ను తినేస్తాయి. మీలాంటి చెరువులో రాత్రి పూట చేపలు తినేదానికన్నా నాచు, బురద తినేదే ఎక్కువ. ముసురు రోజు తయారీ పడిపోతుంది కానీ ఖర్చు మాత్రం తగ్గదు. తెల్లారేసరికి ఖాతా ఖాళీ. నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే బొచ్చె, శీలావతి లాంటి కార్పు చేపకు సుఖం. 3 కన్నా తగ్గితే మేత మానేస్తుంది, 1 దగ్గరకు వస్తే పైకి తేలి నోరు తెరుస్తుంది.

మీరు వేసిన బిళ్లల లెక్క చూద్దాం. 12 ఎకరాలు, సగటున 6 అడుగుల నీళ్లు అనుకుంటే దాదాపు 9 కోట్ల లీటర్లు. అందులో ఆక్సిజన్‌ను లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే సుమారు 90 కిలోల ఆక్సిజన్ కావాలి. బిళ్లల్లో ఉండే సోడియం పెర్‌కార్బొనేట్ నూటికి 13 పాళ్లే ఆక్సిజన్ ఇస్తుంది. మీ 10 కిలోలు ఇచ్చింది 1.3 కిలోలు. ఒక్క మిల్లీగ్రాము పెరగాలంటే 700 కిలోల బిళ్లలు పోయాలి. అవి వేసిన రోజు చేపలు కోలుకున్నాయని మీకు అనిపించి ఉంటే, ఆ పని చేసింది బిళ్లలు కాదు, పొద్దున ఎనిమిదింటికి వచ్చిన ఎండ. డబ్బు మాత్రం షాపుకు పోయింది.

ఇప్పుడు గాలిమర. గాలిమర అంటే నాకు పడదని కాదు. రెక్కలు తిరిగితే కింద చిన్న కంప్రెసర్ ఆడుతుంది, పైపు గుండా గాలి చెరువు అడుగుకు పోయి, డిఫ్యూజర్ అనే సన్న చిల్లుల బిళ్ల నుంచి బుడగలై పైకి వస్తుంది. చిక్కు ఎక్కడంటే, అలాంటి మర మంచి గాలిలో నిమిషానికి 80 లీటర్ల గాలి పంపిందనుకోండి. గంటకు దాదాపు 5 ఘనపు మీటర్లు, అందులో ఆక్సిజన్ కిలోంపావు చిల్లర. బుడగ పైకి వచ్చేలోపు దానిలో ఆరో వంతు నీటిలో కరిగితే గొప్ప. అంటే గంటకు 200 గ్రాములు. రాత్రి పది గంటలూ గాలి వీచినా 2 కిలోలు. మీకు ఒక్క మిల్లీగ్రాముకే 90 కిలోలు కావాలని పైన చూశాం. మోటారుతో చక్రాలు తిరిగి నీళ్లు చిలికే ఒక హెచ్‌పి ప్యాడిల్ వీల్ ఏరియేటర్ చెరువులో గంటకు సుమారు కిలో ఆక్సిజన్ ఇస్తుంది, అదీ మీరు అడిగిన వేళకు.

వేళ అన్నాను కదా, అసలు చిక్కు అదే. మీ చేపలకు ఊపిరి అందనిది తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య. నేల దగ్గర గాలి బాగా పడిపోయేదీ అప్పుడే. గాలిలో శక్తి వేగాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన మారుతుంది: గంటకు 16 కిలోమీటర్ల గాలి 8కి తగ్గితే మిగిలేది సగం కాదు, ఎనిమిదో వంతు. గుట్టల మీది విండ్‌మిల్లులను చూసి మురిసిపోకండి. అవి గుట్ట నెత్తిన, ఇంకా కొన్ని వందల అడుగుల ఎత్తులో తిరుగుతాయి. మీ చెరువు పల్లంలో, కట్ట చాటున ఉంది. ఆషాఢంలో వీచే గాలి నైరుతి వెనక్కి పోయాక ఉండదు, మీకు ముసురు పట్టేదేమో అప్పుడే. (సోలార్ ఏరియేటర్ అమ్మేవాళ్లకూ ఇదే ప్రశ్న వేయండి. బ్యాటరీ లేకపోతే అది నడిచేది పగలు, నాచే ఉచితంగా ఆక్సిజన్ ఇస్తున్న వేళ.)

నా మాట నమ్మక్కర్లేదు. 20 అడుగుల వెదురు బొంగుకు చివర ఒక పాత చీర పేలిక కట్టి కట్ట మీద నాటండి. పదిహేను రోజులు తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేసి చూడండి. పేలిక అడ్డంగా లేచి ఆడుతోందా, బొంగుకు అతుక్కుని వేలాడుతోందా, రోజూ రాసుకోండి. పదిహేనులో పది రోజులు వేలాడితే ఆ అమ్మకపు ఆయనకు ఆ కాగితం చూపించండి.

గాలిమర పనికొచ్చే చోట్లు లేకపోలేదు. కరెంటు రాని, 10 అడుగులు దాటిన లోతున్న, చేపల ఒత్తిడి తక్కువగా ఉన్న చెరువులో, అడుగు నీళ్లు కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంటే, అది నెలల తరబడి నెమ్మదిగా పై నీటినీ అడుగు నీటినీ కలుపుతుంది. దాని పని కలపడం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకోవడం కాదు. మీ చెరువులో ఆ లోతు కట్ట పక్కన పట్టీగా మాత్రమే ఉంది, అందుకే ఈ ఏడాది వద్దంటున్నాను.

ముందుముందు ఎప్పుడైనా పెట్టుకుంటే మర నీళ్లలోనే ఉండాలని లేదు, గాలి పైపు దూరం పోతుంది. 300 అడుగుల లోపు ఉన్న చెట్లకన్నా రెక్కలు కనీసం 15 అడుగులు ఎత్తులో ఉండాలి, మీ కట్ట మీద చింతచెట్లు ఉంటే వాటినీ లెక్కేసుకోండి. డిఫ్యూజర్ బురదలో కూరుకోకుండా దానికి ఒక అడుగు ఎత్తున పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి రోజే పూర్తిగా వదలకూడదు. ఏళ్లుగా అడుగున పడి ఉన్న చెడ్డ నీరు ఒక్కసారి పైకి లేస్తే ఉన్న చేపలూ పోతాయి. మొదటి రోజు అరగంట, రెండో రోజు గంట, మూడో రోజు రెండు గంటలు, ఇలా వారం పాటు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. గాలికి గడియారం ఉండదు కాబట్టి, మిగతా సమయం గాలిని బయటికి వదిలేసే వాల్వు పెట్టించుకోండి. అమ్మేవాళ్లు ఈ వాల్వు సంగతి చెప్పరు.

ఇప్పుడు చేయాల్సినవి. కోళ్ల ఎరువు ఈ రోజు నుంచే ఆపండి, మళ్లీ నేను చెప్పేదాకా ఒక్క తట్ట కూడా వద్దు. మేత మూడు రోజులు పూర్తిగా బంద్. మీ చెరువులో ఇప్పుడు సుమారు 22 టన్నుల చేప ఉంది. నాలుగో రోజు నుంచి బరువులో నూటికి ఒక పాలు, అంటే 220 కిలోలు, ఎండ బాగా ఎక్కాక పదింటికి ఇవ్వండి. మబ్బు పట్టిన రోజు అదీ వద్దు.

ఎకరాకు దాదాపు రెండు టన్నులు, ఏరియేటర్ లేని ఊరి చెరువుకు ఇది మోయలేని బరువు. మూడో వంతు, ఓ 7 టన్నులు, ఈ పదిహేను రోజుల్లో అమ్మేయండి. బేరం కోసం తెల్లవారుజామున వల లాగే అలవాటు ఈసారికి మానండి. బురద లేచి మిగతావి పోతాయి. ఎండ వచ్చి తొమ్మిది దాటాకే వల.

రాత్రికి డీజిల్ ఇంజన్లు రెండు తెచ్చి తూము దగ్గర పెట్టండి. నీళ్లు పీల్చే పైపు చివరి ఫుట్‌వాల్వును చెరువు అడుగుకు వదలకండి, అక్కడ ఆక్సిజన్ లేని నీరే ఉంటుంది. ఖాళీ డ్రమ్ముకు కట్టి, నీటి మట్టానికి 2 అడుగుల కింద వేలాడదీయండి. తోడిన నీటిని చిల్లులు పెట్టిన రేకు మీద పోసి, జల్లులా తిరిగి చెరువులోకే పడనివ్వండి. రాత్రి ఒంటిగంట నుంచి పొద్దున ఎనిమిది దాకా. చెరువంతా బాగుపడదు, ఆ మూల బాగుంటుంది. చేపలు అక్కడికి చేరతాయి, మనకు కావాల్సింది అదే. ఇంజన్లను రోజుకొక చోటికి మార్చకండి, చేపలకు ఆ చోటు అలవాటు కావాలి. హంద్రీ-నీవా కాలువ నీళ్లు దొరికితే చెరువులో ఒక అడుగు మేర నీళ్లు మార్చడం ఇంకా మంచిది.

ఏ రాత్రి ఇంజను వేయాలో ముందే తెలుసుకోవచ్చు. చుక్కల మందుతో రంగు చూసే ఆక్సిజన్ కిట్టు తెచ్చుకోండి. రాత్రి 8కి ఒకసారి, 11కి ఒకసారి చూడండి. 8కి లీటరుకు 7 మిల్లీగ్రాములు ఉండి, 11కి 5.5 ఉంటే, గంటకు అర చొప్పున పోతోంది. అదే లెక్కన ఉదయం 5కి 2.5 మిగులుతుంది. 3 కన్నా తక్కువ వస్తుందని లెక్క తేలితే ఆ రాత్రి ఇంజను వేయాలి. బిళ్లల మీద పెట్టిన డబ్బు ముందే ఈ కిట్టు మీద పెట్టి ఉంటే ఆ రెండు వందల బొచ్చెల్లో చాలావరకు బతికేవి. మందు కొనే ముందు నీళ్లు చూడండి అని ఊరూరా చెబుతూనే ఉన్నాను. వినేది తక్కువ.

చిక్కదనానికి కిట్టు కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం చేయి నిటారుగా నీళ్లలో ముంచండి. మోచేయి మునిగేలోపే అరచేయి కనపడకుండా పోతే ఎరువు ఎక్కువైనట్టు. మీది మణికట్టు దాటగానే మాయమవుతుందని నా అంచనా. సున్నం కూడా గుడ్డిగా వేయకండి. పచ్చనీళ్లలో మధ్యాహ్నం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటుతుంది, దాని మీద కాల్చిన సున్నం పడితే అమ్మోనియా విషమవుతుంది. ఉదయం ఆరింటికి పీహెచ్ 7 లోపు ఉంటేనే, సున్నపురాయి పొడి ఎకరాకు 100 కిలోలు.

ఇక మురుగు కాలువ. అది చెరువులోకి వచ్చినన్నాళ్లు గాలిమర కాదు కదా, ఏది పెట్టినా నీళ్లు పచ్చబడుతూనే ఉంటాయి, ఆ నీటితో వచ్చే భాస్వరాన్ని గాలి బుడగలు తీసేయలేవు. పంచాయతీతో మాట్లాడి కాలువను పక్కనున్న పశుగ్రాసం మడిలోకి తిప్పించండి. కుదరకపోతే, చెరువులో కలిసే చోట కనీసం ఒక పెద్ద గుంత తవ్వి, అందులో తేరుకున్నాకే నీరు లోపలికి వచ్చేలా చేయండి.

వారం తర్వాత రెండు సీసాల నీళ్లు తీసుకుని దగ్గరలోని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లండి. ఒకటి మురుగు కలిసే చోటిది, ఒకటి కట్ట దగ్గరిది. సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ మిగలకుండా నిండా నింపి, నీళ్లలోనే మూత పెట్టాలి. ఏ సీసా ఎక్కడిదో, ఎన్ని గంటలకు పట్టారో దాని మీదే రాయండి. రాత్రి 8, 11 గంటల లెక్కలు రాసిన కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.