ప్లాస్టిక్ పగడాల్లో స్త్రీవాదమెక్కడిది?

ప్రశ్న: ప్లాస్టిక్ సంచులను దారాల్లా కత్తిరించి, క్రోషేతో అల్లిన పగడపు దిబ్బను ఒక ప్రదర్శనలో చూశాను. దానిని పర్యావరణ స్త్రీవాద కళ అని పరిచయం చేశారు. సముద్ర కాలుష్యం అందరి సమస్య కదా, ఇందులో స్త్రీవాదమెక్కడిది? స్త్రీని ప్రకృతితో పోల్చే పాత అలవాటే కొత్త పేరుతో వచ్చిందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానానికి ఆధారం ఉంది. స్త్రీని నేలతల్లిగా, సముద్రాన్ని గర్భంగా చిత్రించి అక్కడితో ఆగిపోయే పనులు ఈ పేరుతో వస్తూనే ఉన్నాయి. అవి నాకూ రుచించవు. అయితే 1974లో ఈ మాటను ముందుకు తెచ్చిన ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ దోబోన్ ప్రధానంగా మాట్లాడింది పెత్తనం గురించి. స్త్రీల శరీరాల మీద, నేల మీద చెలాయించే అధికారానికి మూలం ఒక్కటేనని ఆమె వాదన.

కళలోకి ఈ ఆలోచన ఎక్కువగా శ్రమ ద్వారా వచ్చింది. నగరాన్ని కట్టించినవారి పేర్లు శిలాఫలకాలకు ఎక్కుతాయి గానీ, దానిని రోజూ ఊడ్చి, కడిగి, చెత్త ఎత్తే పని ఇంట్లో ఆడవాళ్ల చాకిరీలాగే లెక్కలోకి రాదు. బిడ్డ తల్లి అయిన అమెరికా కళాకారిణి మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్ 1969లో ఆ చాకిరీయే తన కళ అని ప్రకటించారు. 1979లో మొదలుపెట్టి, న్యూయార్క్ పారిశుధ్య కార్మికులు దాదాపు 8,500 మందితో ఒక్కొక్కరిగా చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. అదే నగరంలో, వాణిజ్య భవనాల పునాదులకు తవ్విన మట్టిని నదిలో పోసి తయారుచేసిన నేల మీద, 1982లో కళాకారిణి ఆగ్నెస్ డెనెస్ రాళ్లూ చెత్తా ఏరివేసి రెండెకరాల గోధుమ పండించారు. ఆ స్థలం విలువ అప్పట్లో 450 కోట్ల డాలర్లు.

సముద్రం విషయంలో కళాకారిణి అవీవా రహ్మానీ పని నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. నీటిలో తప్పిపోయి, పైకి లాగేవారు లేకపోయినా చేపలను చంపుతూనే ఉండే వలలను ఘోస్ట్ నెట్స్ అంటారు. ఆ పేరుతోనే ఆమె 1990 నుంచి పదేళ్లపాటు, అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన వైనల్‌హేవెన్ దీవిలో, ఒకప్పుడు చెత్త పోసిన తీరాన్ని తిరిగి చిత్తడి నేలగా మార్చారు. అలాంటి నేల మురికిని కొంత వడగట్టి, చేపపిల్లలకు ఆశ్రయమిస్తుంది. కాబట్టి ఇక్కడ కళ సముద్రం గురించి చెప్పడంతో ఆగక, దానికి అక్కరకు వచ్చింది.

మీరు చూసిన దిబ్బకు స్ఫూర్తి బహుశా కవల సోదరీమణులు మార్గరెట్, క్రిస్టీన్ వర్తైమ్ 2005లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన క్రోషే పగడపు దిబ్బ. పగడాల ముడతల్లో ఉండే, అంచుల వైపు పోయేకొద్దీ కుచ్చుల్లా విస్తరించే హైపర్‌బోలిక్ జ్యామితిని చేతితో పట్టుకుని చూడగల రూపంలోకి తేవడానికి గణితజ్ఞులు చాలాకాలం ఇబ్బందిపడ్డారు. 1997లో దైనా తైమిన్యా అనే గణితజ్ఞురాలు దానిని క్రోషే సూదితో అల్లి చూపారు; వర్తైమ్ సోదరీమణుల దిబ్బకు ఆధారం ఆ పద్ధతే. ఆడవాళ్ల తీరిక పని అని తీసిపారేసిన అల్లికలో అంత జ్ఞానం ఉంది. మీరు అడిగిన స్త్రీవాదం నాకు అక్కడే కనిపిస్తుంది. ఆ అక్కచెల్లెళ్లు నాలుగేళ్లపాటు తమ ఇంటి ప్లాస్టిక్ వ్యర్థాలను పారేయకుండా దాచి, దానినీ ప్రదర్శనకు పెట్టారు. మీరు ఆ ప్రదర్శనకు మళ్లీ వెళ్తే, దిబ్బను అల్లిన చేతులెవరివో పేర్లు రాసి ఉన్నాయేమో చూడండి.