అమ్ముతారా అని మెయిల్ వస్తే

చిన్నా,

నువ్వు పంపిన మెయిల్ రెండుసార్లు చదివాను. ‘మీ డొమైన్ అమ్మే ఉద్దేశం ఉందా, చిన్న ప్రాజెక్టు కోసం కావాలి, మా బడ్జెట్ తక్కువ’. అంతేగా ఉంది అందులో. ఇంటిపేరు లేదు, ఫోన్ నంబరు లేదు, జీమెయిల్ అడ్రసు. అక్క పచ్చళ్ల పేరుతో ఆరేళ్లుగా నడుస్తున్న డొమైన్‌ని, అదే మన వెబ్‌సైట్ అడ్రసుని, ఎవరో కోరి అడిగారని నీకు సంబరంగా ఉండి ఉంటుంది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా మాత్రం వాళ్లకి జవాబివ్వకు.

2009లో నాకూ ఇలాంటి మెయిలే వచ్చింది. కాలేజీ విద్యార్థినని, ప్రాజెక్టుకి కావాలని రాశాడు. నా దగ్గర ఆరక్షరాల డాట్ కామ్ ఒకటి ఊరికే పడి ఉంది. ఇరవై ఐదు వేలు అన్నాను. పది నిమిషాల్లో ‘సరే’ అని జవాబు. ఆ ‘సరే’ చూడగానే గుండె కలుక్కుమంది. బేరమాడని విద్యార్థి ఎక్కడుంటాడు? కానీ మాటిచ్చేశాను, ఇచ్చేశాను. మూడు నెలలకి బస్టాండు ఎదురుగా పెద్ద హోర్డింగు లేచింది. దాని మీద నేనమ్మిన ఆ డొమైన్ పేరే, అడుగెత్తు అక్షరాల్లో, ఒక పెద్ద కంపెనీ పేరు కింద. విద్యార్థినని అబద్ధం చెప్పి కొనడం తప్పని ఇప్పటికీ అంటాను. అడిగిందెవరో ఆరా తీయకుండా ధర చెప్పడం మాత్రం నా తప్పు.

హైవే పక్కన పొలం కావాలనుకున్న వాడు కారు దిగి తనే అడగడు కదా, ఊళ్లో ఎవరినో పంపిస్తాడు. ఇక్కడా అంతే. కొనేది ఎవరో తెలిస్తే ధర పెరుగుతుందని కంపెనీలు బ్రోకర్‌ని పెడతాయి. గోడాడీ లాంటి రిజిస్ట్రార్ల (డొమైన్ పేర్లు రిజిస్టర్ చేసే కంపెనీల) దగ్గర దీనికోసమే బ్రోకర్లు ఉంటారు. యూరప్‌లో 2018లో ప్రైవసీ చట్టం అమల్లోకి వచ్చాక ఏ డొమైన్ ఎవరిదో చూపే హూయిజ్ అనే జాబితాలో ఓనర్ల వివరాలు చాలావరకు కనబడటం లేదు. అందుకని వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేస్తారు. ఆ నంబరు అక్కది. మామిడికాయ తరుగుతూ ‘ఏదో ఒకటి ఇవ్వు బాబూ’ అనేయగలదు మీ అమ్మ. ఎవరు అడిగినా ‘మా అబ్బాయి చూసుకుంటాడు’ అని మాత్రమే చెప్పమను.

ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ పేరు కొట్టి చూడు. ఈమధ్య ఎవరైనా దరఖాస్తు పెట్టారేమో అందరికీ కనబడుతుంది. పెట్టి ఉంటే ఆ ‘చిన్న ప్రాజెక్టు’ ఎవరిదో సగం తెలిసినట్టే.

ఇక జవాబు. నేను ఎక్కువగా భయపడేది దీని గురించే. నువ్వు రాసే మొదటి మెయిలే రేపు వాళ్ల లాయరు ఫైల్లో మొదటి కాగితం అవుతుంది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే నిబంధన ఉంది. ట్రేడ్‌మార్క్ యజమానికో, వాళ్ల పోటీదారుకో ఎక్కువ ధరకి అమ్మడానికే పేరు పట్టుకున్నావని తేలితే అది దురుద్దేశం కింద లెక్క, డొమైన్ లాగేసుకోవచ్చు. డాట్ ఇన్ పేర్లకి ఐఎన్‌డీఆర్‌పీ అని ఇలాంటిదే ఉంది. 2024లో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ సంగతి గుర్తుందా? జియో, హాట్‌స్టార్ కలుస్తాయని ఊహించి ముందే కొన్న ఢిల్లీ కుర్రాడు, కేంబ్రిడ్జ్‌లో చదువుకి డబ్బు ఇవ్వమని ఆ సైట్‌లోనే ఉత్తరం పెట్టాడు. దాదాపు కోటి రూపాయలు. రిలయన్స్ ఒప్పుకోలేదు. చదువుకోవాలన్న అతని కోరికని నేను తప్పుపట్టను. కానీ ఎందుకు కొన్నాడో తన చేత్తో తనే రాసిచ్చాడు.

మన సంగతి వేరు. పేరు మనది, వ్యాపారం మనది. నిస్సాన్ అనే ఇంటిపేరున్న ఒకాయన 1994లో అమెరికాలో నిస్సాన్ డాట్ కామ్ తీసుకున్నాడు. కార్ల కంపెనీ 1999లో కోటి డాలర్లకి దావా వేసింది. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగిపోయాడు, కానీ డొమైన్ ఆయన దగ్గరే ఉండిపోయింది. మన సుప్రీంకోర్టు కూడా 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకి ట్రేడ్‌మార్క్‌లాగే రక్షణ ఉంటుందని చెప్పింది. అందులో ఎవరు ముందు నుంచి వాడుతున్నారన్నది పెద్ద విషయం. కాబట్టి అక్క పాత బిల్లు పుస్తకాలు, అమెరికాకి పంపిన పార్సిళ్ల కొరియర్ రసీదులు పారేయొద్దు. నూనె మరకలున్నా సరే, ఫోటోలు తీసి దాచు.

జవాబు ఇలా రాయి: ‘ఈ పేరుతో మేం వ్యాపారం చేస్తున్నాం. అమ్మే ఆలోచనతో లేము. మీరెవరి తరఫున అడుగుతున్నారో, ఎంత అనుకుంటున్నారో రాస్తే ఇంట్లో మాట్లాడతాం.’ ఇంతే. ధర నువ్వు చెప్పకు. వాళ్ల బ్రాండ్ పేరు ఎత్తకు. ఆ తర్వాత పది రోజులు మాట రాకపోయినా మళ్లీ రాయకు. టెస్లా డాట్ కామ్ కోసం పదేళ్లకు పైగా పట్టిందని, కోటీ పది లక్షల డాలర్లు అయిందని మస్క్ చెప్పాడు. 2016 దాకా ఆ కంపెనీ టెస్లామోటార్స్ డాట్ కామ్‌తోనే నడిచింది. ఎఫ్‌బీ డాట్ కామ్ అమెరికా రైతుల సంఘం దగ్గర ఉండేది, ఫేస్‌బుక్ 85 లక్షల డాలర్లు ఇచ్చి 2010లో కొంది. ఇవి విని లెక్కలు వేసుకోకు. మనకి లెక్క ఒకటే. పేరు మారితే బోర్డు, సీసాల లేబుళ్లు, పాత కస్టమర్లని మళ్లీ వెతుక్కోవడం, ఇదంతా ఎంత అవుతుంది? అంతకి తక్కువైతే మాటే వద్దు.

‘ముందు ఫలానా సైట్‌లో విలువ సర్టిఫికెట్ తీసుకోండి, ఫీజు కట్టండి’ అంటే అది మోసం, అక్కడితో ఆపేయి. నిజంగా కొనేవాడు నీచేత డబ్బు కట్టించడు. బేరం కుదిరితే డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి కంపెనీ దగ్గర, పడాలి. పడిందని ఎస్క్రో కంపెనీ వెబ్‌సైట్‌లో నువ్వే లాగిన్ అయి చూడాలి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు. అప్పటిదాకా ఆథ్ కోడ్, అంటే డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి మార్చడానికి వాడే రహస్య కోడ్, ఎవరికీ ఇవ్వకు. అది ఇచ్చావంటే బీరువా తాళాలు ఇచ్చినట్టే. పన్ను సంగతి మీ ఆడిటర్‌ని అడుగు.

అన్నిటికంటే ముందు ఈ రాత్రే ఒక పని చెయ్యి. ఆ వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ని అక్క పేరు మీద తీసుకున్నాడా, తన పేరు మీదా? రిజిస్ట్రార్ అకౌంట్ ఎవరి ఈమెయిల్‌తో ఉంది, రెన్యువల్ తేదీ ఎప్పుడు? అతని పేరు మీద ఉంటే ఈ మెయిల్ మాట అతనితో అనొద్దు. ఆదివారం నేనొస్తున్నాను, ఇద్దరం కలిసి వెళ్లి మార్పించుకుందాం.

నీ మావయ్య