పిల్లాడి ఎమోజీ సరే, మీ నిద్రమాత్ర మాటేంటి?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, హాస్టల్లో ఉంటాడు. నేనేం రాసినా పుర్రె బొమ్మ పెడతాడు. ‘తిన్నావా నాన్నా’ అంటే రాత్రి 2 గంటలకు ‘ఈ బతుకు నా వల్ల కాదు’ లాంటి మీమ్ వస్తుంది. నేనంటే లెక్క లేదా? ఈ టెన్షన్‌కి నిద్ర పట్టక నెలగా మావారి ఆల్‌ప్రజోలం సగం వేసుకుంటున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి మాట సంగతి. ఆ మాత్ర మీకు ఎవరూ రాయలేదు. ఆల్‌ప్రజోలం కొన్ని వారాల్లోనే అలవాటైపోవచ్చు. నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్లకు, కొన్ని బలమైన నొప్పి మందులు వాడేవాళ్లకు ప్రమాదం కూడా. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఆందోళన, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఎలా తగ్గించాలో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఉంది కదా అని ఒకరి మందు ఇంకొకరు మింగడం రోజూ చూస్తున్నాను. చదువుకున్నవాళ్లూ ఇదే చేస్తుంటే బాధేస్తుంది.

పుర్రె బొమ్మంటే ఆ వయసువాళ్లకు ‘నవ్వలేక చచ్చాను’ అని. అందులో అవమానం లేదు. మనం ‘సరే’ అని పెట్టే బొటనవేలే చాలామంది పిల్లలకు ముక్తసరిగా, కోపంగా కనిపిస్తుంది. ఒక తండ్రి ‘తాతయ్య పోయారు’ అని రాసి, పక్కన కన్నీళ్లతో నవ్వే ముఖం పెట్టారు. ఏడుపు బొమ్మ అనుకున్నారాయన. కూతురు చాలా రోజులు మాట్లాడలేదు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచుకున్న బొమ్మే అది!

నాకు అనుమానంగా ఉన్నది రాత్రి 2 గంటల మెలకువ. చావు మీద మీమ్స్ చాలాసార్లు ఉత్త సరదాయే. కానీ బాబుని చూడకుండా ఆ మాట నేను అనలేను. నిద్ర, తిండి, చదువు, స్నేహితులు... వీటిలో రెండు వారాలుగా మార్పు ఉంటే డిప్రెషన్ కావచ్చు. మెసేజ్ వద్దు, వెళ్లి పక్కన కూర్చోండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ‘అవును’ అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరూ ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ మాత్రల స్ట్రిప్ వెంట ఉంచుకోండి.