కళ్లు మూస్తే దడ పెరుగుతోందా? తెరిచే ఉంచండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తాను. పై అధికారి మా వర్గం పేరెత్తి మాటలంటాడు. అందరూ వెళ్లే లిఫ్టు నన్ను ఎక్కనివ్వడు. ఇంటికొచ్చాక కూడా అవే చెవిలో మోగుతుంటాయి. అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టదు, ఊరికే పిల్లల మీద అరుస్తున్నాను. ధ్యానం చేయమంటే కళ్లు మూసుకుని కూర్చున్నాను, గుండె దడ ఇంకా ఎక్కువైంది. పాటలు వింటే మాత్రం కాస్త తేలికవుతుంది. ఐదుగురం ఒకే గదిలో ఉంటాం. మా బస్తీ ఆడవాళ్లందరిదీ ఇదే అవస్థ. కలిసి ఏమైనా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చమ్మా. ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మీ మనసు బలహీనమైంది కాదు. రోజూ మాట పడే మనిషి ఒళ్లు, ఎవరూ ఏమీ అనని రోజున కూడా కాచుకునే ఉంటుంది. స్వలింగ ప్రేమికుల వంటి లైంగిక మైనారిటీల గురించి ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో రాసిన వ్యాసంలో దీన్ని ‘మైనారిటీ ఒత్తిడి’గా వివరించారు. మీ విషయంలోనూ అంతే. అందరికీ ఉండే కష్టాలు ఉండనే ఉంటాయి. వాటి మీద వివక్ష ఒకటి, ఎప్పుడు ఏ అవమానం ఎదురవుతుందోనన్న బెంగ ఇంకొకటి. మీ దడ, నిద్రలేమి, చిరాకు అన్నీ అక్కడి నుంచే వస్తున్నట్టు కనిపిస్తోంది.

కళ్లు మూసుకున్నప్పుడు దడ పెరగడం మీ ఒక్కరికే కాదు, బాధలు పడ్డవాళ్లలో చాలామందికి జరుగుతుంది. బయట చూసేది ఆగిపోగానే పగలంతా అణచిపెట్టుకున్నది పైకి తన్నుకొస్తుంది. కాబట్టి కళ్లు తెరిచే ఉంచండి. వీపు గోడకు ఆనించి, తలుపు కనపడేలా కూర్చోండి. రెండు పాదాలూ నేలకు ఆనించి, చూపు నాలుగడుగుల దూరంలో నేల మీద పెట్టండి. ఊపిరిని గమనించమంటారు గానీ, కొందరికి అదే కంగారు పుట్టిస్తుంది. మీరు శబ్దాన్ని పట్టుకోండి. ఒక పాట పెట్టి, అందులో ఒక్క డప్పునో మద్దెలనో మాత్రమే వినండి. మనసు అధికారి మాటల మీదికి పోతుంది, పోనివ్వండి. పోయిందని తెలిసిన క్షణం మళ్లీ ఆ దరువు దగ్గరికి రండి. ఇలా తిరిగి రావడమే మైండ్‌ఫుల్‌నెస్, కాబట్టి పదిసార్లు పక్కకి పోయినా తప్పు చేసినట్టు కాదు. మొదటి వారం మూడు నిమిషాలు చాలు. ఒంటరి గది అక్కర్లేదు, బస్సులోనూ గిన్నెలు తోముతూనూ చేయొచ్చు.

పాటల వరస ముఖ్యం. కోపంతో ఇల్లు చేరిన మనిషికి వెంటనే జోలపాట పెడితే చిరాకు పెరుగుతుంది. సంగీత చికిత్స చేసేవాళ్లు ముందు ఉన్న మూడ్‌కి సరిపోయే పాటతో మొదలుపెట్టి, మెల్లగా నిదానమైన పాటల్లోకి వెళ్తారు. మీరూ నాలుగు పాటలు వరసగా పెట్టుకోండి: మొదటిది జోరుగా, మధ్యవి రెండూ అంతకంటే నిదానంగా, చివరిది నిమిషానికి 60 నుంచి 80 దరువుల మధ్య. 15 సెకన్లు దరువులు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తెలిసిపోతుంది. ఒకే ఏడుపు పాటను మళ్లీమళ్లీ వింటూ గుండె బరువెక్కుతుంటే మాత్రం ఆపేయండి. అది ఓదార్పు కాదు, పుండును కెలకడం. ఇయర్‌ఫోన్ శబ్దం 60 శాతం దాటనివ్వకండి.

పడుకునే ముందు కూనిరాగం తీయండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, పెదవులు మూసి ఆరు అంకెల దాకా ‘మ్‌మ్’ అంటూ వదలండి. అంకెకు సెకను చొప్పున నిమిషానికి ఆరు ఊపిరులు, ఐదు నిమిషాల పాటు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. చాలామంది చేసే పొరపాటు రొమ్ము నిండా బలంగా పీల్చడం. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే ఆపి, కాసేపు మామూలుగా ఊపిరి తీసుకోండి.

ఇక బస్తీ ఆడవాళ్ల సంగతి. ఎనిమిది నుంచి పన్నెండు మంది, వారానికోసారి ముక్కాలు గంట కలవండి. కలిసి పాడితే కొత్తవాళ్లు కూడా త్వరగా దగ్గరవుతారు, కాబట్టి పాటతోనే మొదలుపెట్టండి. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు చప్పట్లతో తిరిగి పాడాలి. మీ అమ్మమ్మలు పనిలో పాడుకున్న పాటలే తీసుకోండి. భక్తి పాటలైతే ఎవరో ఒకరు బయటివాళ్లమనుకుంటారు. శ్రుతి సరిచేయడం అసలు వద్దు, సరిచేసిన మరుక్షణం సగం మంది నోరు మూసేస్తారు. ఆ తర్వాత మూడు నిమిషాలు దరువు వినే అభ్యాసం. కళ్లు మూయమని గానీ, జరిగింది చెప్పమని గానీ ఎవర్నీ బలవంతం చేయకూడదు. ఫోన్‌లో రికార్డు చేయకూడదు. ఎవరైనా ఏడిస్తే అందరూ చుట్టుముట్టకండి, ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు. చివరికి మళ్లీ పాడి లేవండి, బాధల మాటల మీద మాత్రం ముగించకండి.

పాట మీ ఒంటికి విశ్రాంతినిస్తుంది, అంతే. అధికారి నోరు మూయించదు. “ప్రశాంతంగా ఉండు, సర్దుకుపో” అని ఎవరైనా దీన్ని అడ్డం పెట్టుకుంటే ఒప్పుకోకండి. మనసు కుదుటపడ్డ పూట ఒక పుస్తకంలో తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్ల పేర్లు రాసి పెట్టండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే, ముందు కార్మిక సంఘానికో ఉచిత న్యాయ సహాయం చేసేవాళ్లకో ఆ పుస్తకం చూపించండి. ఒక్కరుగా కన్నా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే నయం.

పిల్లలకు “నా కోపం మీ మీద కాదు” అని నోరారా చెప్పండి. పిల్లలు ఆ తప్పు తమదే అనుకుంటారు.

రెండు వారాలు చేసినా నిద్ర పట్టకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే వెళ్లాలి, ఇంట్లో ఒకరికి చెప్పి తోడు తీసుకెళ్లండి. డాక్టరుకు నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పి రాకండి. పనిచోట జరుగుతున్నది కూడా చెప్పండి, లేకపోతే నిద్రమాత్రతోనే సరిపెట్టే ప్రమాదం ఉంది.